గోడ పక్క సీటు

గోడ పక్క సీటు దొరికినందుకు తమాయో మొదట సంతోషించింది. ఒక పక్కన మనుషులుండరు, భుజం ఆనించుకోవడానికి గోడ ఉంటుంది, ముఖం ఎలా మారినా ఆ వైపు నుంచి ఎవరి కంటా పడదు అనుకుంది. దీపాలు ఆర్పి తలుపు మూశాక గాని తెలిసిరాలేదు, ఈ వరసలోంచి బయటపడే దారి అటు చివర ఒక్కటేనని, ఆ చివర దారికి అడ్డంగా చక్రాల కుర్చీలో దర్శకుడు కుజె తోగొ కూర్చున్నాడని. నలభై సీట్ల చిన్న హాలు, నీగాతా బజారు వీధిలో చెప్పుల దుకాణం మేడ మీద. అందరి కోట్ల నుంచీ తడి ఉన్ని వాసన వస్తోంది, బయట మంచు పడి కరిగి బురదైంది, మధ్యాహ్నం ఒంటిగంట. పక్క సీట్లో పెద్దావిడ బుగ్గన చక్కెర బిళ్ళ పెట్టుకుని చప్పరిస్తోంది, ఆ చప్పుడు తప్ప మరేం లేదు, ఎందుకంటే కుజె సినిమాలో సంగీతం ఉండదు, మొదటి ఏడు నిమిషాలు మాటలు కూడా ఉండవు. ఆ సంగతి తమాయోకు తెలుసు, ఆ ఏడు నిమిషాలూ తెర మీద ఉన్నది ఆమే గనక. కాని చూడటం మాత్రం ఇదే మొదలు. ముప్పై నాలుగేళ్ళుగా తప్పించుకుంది. ఇవాళ హాలు గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ నిలబడితే వెనక నుంచి ఒక ముసలి గొంతు, ఎవరో గాజు మీద గోరు గీసినట్టు, "తమాయో, నువ్వేనా? మెడ చూసి గుర్తుపట్టాను" అంది. మెడ చూసి గుర్తుపట్టడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. వంగి దండం పెట్టింది. కుజె చెయ్యెత్తాడు, ఎనభై ఆరేళ్ళ చెయ్యి, చేప ఎముకలా ఉంది.

తెర మీద గుమ్మం. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి నల్లబట్టల్లో నిలబడి ఉంది, భర్త అంత్యక్రియల నుంచి వచ్చిన విధవ, చేతిలో శ్మశానం దగ్గర ఇచ్చిన చిన్న ఉప్పు పొట్లం. ఒంటి మీద చల్లుకుని లోపలికి రావాలి, లేకపోతే వెంట వచ్చినది కూడా లోపలికి వస్తుంది. పొట్లం విప్పబోతుంటే వాన మొదలవుతుంది, ఆరేసిన బట్టలు తియ్యడానికి ఆ అమ్మాయి లోపలికి పరిగెత్తుతుంది, పొట్లం గుమ్మం మీద ఉండిపోతుంది. ఉప్పు చల్లని ఇల్లు, సినిమా పేరు అదే. అమ్మాయి వెళ్ళిపోయాక కూడా కెమెరా గుమ్మాన్నే చూస్తుంటుంది, ఒక నిమిషం, రెండు నిమిషాలు, వాన, పొట్లం, తడి గడప, ఇంకేం లేదు. హాల్లో ఎవరో కుర్చీలో కదిలారు. మనిషి వెళ్ళిపోయాక గది ఏం చేస్తుందో చూడాలి అనేవాడు కుజె. దెయ్యాన్ని చూపించే పని మనది కాదు, అది ఉండటానికి చోటు వదిలితే చాలు అనేవాడు. 'మొదలు' అనేవాడు కాదు, 'ఆపండి' అనేవాడు కాదు. సముద్రం ఒడ్డున ఒక పాత ఇల్లు తీసుకుని నలభై రోజులు అందరినీ అందులోనే ఉంచాడు, వండుకోండి తినండి పడుకోండి అన్నాడు, కాగితం తలుపులకూ అలమారలకూ సందులు చేసి ఎక్కడో కెమెరా పెట్టించేవాడు, ఎక్కడో చెప్పడు, ఎప్పుడు తిరుగుతోందో చెప్పడు. కథ రాసిన కాగితం ఎవరికీ ఇవ్వలేదు. మొదటి వారం ఆమెకు సరదాగా ఉండేది, రెండో వారంలో స్నానాల గదిలో కూడా పెదవులు బిగించుకుని తిరగడం మొదలుపెట్టింది, మూడో వారంలో తనకు తెలియకుండానే ప్రతి గదిలో ఎక్కడ వెలుతురు ఉందో వెతుక్కుని అటు నిలబడేది, పొద్దుతిరుగుడు పువ్వులా. అన్నం గిన్నెలో పెట్టింది తగ్గిపోతుంటుంది సినిమాలో, కాచకముందే స్నానం నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఆ అమ్మాయి భయపడి, తరవాత అలవాటుపడి, చివరకు ఇద్దరికీ వండటం మొదలుపెడుతుంది. ఆ వంట నిజం వంటే. ఆ ముల్లంగి పులుసు తనే చేసింది, అమ్మ చేసినట్టు సముద్రపు ఎండు నాచు వేసి. సినిమా కంపెనీ కుర్రాళ్ళు మూడేసి గిన్నెలు తాగారు.

అమ్మ. సాదో ద్వీపంలో రాతి ఒడ్డున నాచు ఏరి, తాళ్ళ మీద ఆరేసి, సంవత్సరమంతా అదే వాసనతో తిరిగే మనిషి. పోస్టు కార్డు రాస్తే నాలుగు ముక్కలే. సినిమా అంటే ఆమెకు తెలిసింది ఒకటే, జుట్టు చెవి వెనక్కి తోసుకో, ముఖం కనపడనీ. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడూ అదే మాట. తమాయో చెయ్యి ఇప్పుడు తన ప్రమేయం లేకుండా చెవి దగ్గరకు పోయింది, సగం దారిలో ఆగింది, ఒళ్ళో పడింది. వద్దు. ఇంకా టైముంది. ఫోను దృశ్యం గంట దాటాక వస్తుందని చెప్పారు. పొద్దున కిజిమా గారే చెప్పింది, ఈ ఆట ఏర్పాటు చేసిన, పత్రికల్లో రాసే అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో, గొంతులో ఎంత జాగ్రత్తో, గాయాన్ని తడిగుడ్డతో తుడుస్తున్నట్టు. "మిమ్మల్ని ఏం చేశారో మీరు చెప్తే చాలు తమాయో గారూ, ఇప్పుడు వినేవాళ్ళున్నాం" అంది. ఆట అయ్యాక దర్శకుడితో కలిసి వేదిక మీద కూర్చోవాలి. నాచు పోగులా చిక్కుపడిపోయిన దాన్ని ఎక్కడ పట్టుకుని లాగాలో ఈ అమ్మాయికి తెలియదు. ఏం చేశారో చెప్పడం కష్టం కాదు. అది ఊళ్ళో అందరికీ ఇప్పుడు సగం తెలిసిన కథే. ఇరవై మూడో రోజు పొద్దున ఏడింటికి అన్నయ్య ఇసాకు షూటింగు ఇంటికి ఫోను చేశాడు, అమ్మ తెల్లారుజామున పోయిందని. ఎత్తింది కుజె. చెప్తాను, మూడింటికి మళ్ళీ చెయ్యండి, అప్పటికి ఇక్కడుంటుంది అన్నాడు. చెప్పలేదు. ఆమె పక్కగదిలో పళ్ళు తోముకుంటోంది. మధ్యాహ్నం పడవ ఉంది ఆ రోజు, ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. మూడింటికి మళ్ళీ మోగిన ఫోను ఆమే ఎత్తింది, సినిమాలో ఉన్నది అదే. ఆ తరవాత రెండు రోజులు గాలి లేచి సముద్రం మీద పడవలు ఆపేశారు. ఆమె వెళ్ళేసరికి అమ్మ తెల్లగుడ్డ చుట్టిన చిన్న కుండలో ఉంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "ఇంకెందుకొచ్చావ్, పోయి నీ సినిమా చూసుకో" అన్నాడు. పోయింది. అదే ఎవరికీ అర్థం కానిది. మూడో రోజుకే తిరిగొచ్చి మిగతా రోజులన్నీ చేసింది, ఎవరూ బలవంతపెట్టలేదు.

తెర మీద స్నానాల గది. ఆవిరి. పెద్దావిడ చప్పరించడం మానేసింది. గోడలోంచి ఏదో సన్నటి కంపనం భుజంలోకి వస్తోంది, స్పీకరు ఇటు పక్కే ఉన్నట్టుంది, నీటిబొట్టు తెర మీద పడితే ఆమె ఎముకలో పడుతోంది. లేచి వెళ్ళిపోతే? అయిదుగురి మోకాళ్ళు దాటాలి, క్షమించండి క్షమించండి అనుకుంటూ, చివర ఆయన కుర్చీ, ఆయన చక్రం వెనక్కి తిప్పుకునేదాకా తెర వెలుగులో నిలబడాలి, అందరికీ కనిపిస్తుంది, అదిగో ఆవిడే, భరించలేక పోతోంది పాపం. పాపం అన్న మాట ఆమెకు గొంతులో ముల్లు. ఎందుకంటే ఆ ఫోను దృశ్యం పదకొండు నిమిషాల్లో ఇంకొకటి ఉంది, అది కుజెకు కూడా తెలియదు, కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. నగానోలో సోబా నూడుల్స్ కొట్టు నడిపిన మనిషి, మంచివాడు, ఇరవై రెండేళ్ళు కాపురం చేసి ఒక పొద్దున పిండి కలుపుతూ కూలిపోయాడు, ఆయనకు కూడా చెప్పలేదు. అన్నయ్య ఫోను పెట్టేశాక, గొట్టం చెవికి ఆనించుకుని తను నిలబడి ఉన్నప్పుడు, ఆ చప్పుడు తన నోట్లోంచి వచ్చాక, అది ఏడుపు కాదు అరుపు కాదు, ఖాళీ సీసాలో గాలి పోయినట్టు వచ్చిన చప్పుడు, అది వచ్చిన మరుక్షణం తట్టింది, ఇది తిరుగుతోంది అని. ఎదురుగా కిటికీ, మంచు వెలుతురు, కిటికీ కాగితంలో చిన్న చిరుగు, కెమెరా అక్కడుంది అనుకుంది. అనుకుని ఊరుకోలేదు. ముఖం అటు తిప్పింది. చెయ్యెత్తి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది, వెలుతురు చెంప మీద పడేలా. అమ్మ చచ్చిపోయిన మాట చెవిలో ఇంకా చల్లారలేదు. అది అమ్మ నేర్పిన అలవాటే కదా, చెయ్యి దానంతట అది లేచింది కదా అని తనకు తను ఎన్నోసార్లు సర్దిచెప్పుకోబోయింది, కుదరలేదు. కెమెరా కోసమే తిప్పింది. రీలు అయిపోయేదాకా, పదకొండు నిమిషాలు, అలాగే నిలబడి దుఃఖాన్ని కదలకుండా పట్టుకుంది, నిండు గిన్నె పట్టుకున్నట్టు. అందుకే అన్నయ్య పొమ్మంటే పోయింది. అందుకే అన్నయ్యకు ఈనాటికీ చెప్పలేదు, నాకు పొద్దున ఎవరూ చెప్పలేదు అన్నయ్యా, చెప్పి ఉంటే వచ్చేదాన్ని అని. ఏడింటికే కబురు తెలిసి కూడా చెల్లెలు సినిమా వదిలి రాలేదని ఆయన అనుకుంటున్నాడు. అనుకోనీ, అందులో అబద్ధం ఎంతని? పొద్దునంతా చెయ్యని తప్పు మధ్యాహ్నం పదకొండు నిమిషాల్లో చేసింది. కొత్త సంవత్సరానికి అన్న కూతురు కార్డు రాస్తుంది, ఈ ఏడు రాసింది, నాన్నకు గుండె బాగాలేదు, మొన్న అత్తయ్య పేరెత్తాడు, ఎత్తి ఊరుకున్నాడు.

బడి వంటింట్లో, ఆమె ఇప్పుడు పని చేసే చోట, కూరగాయలు తరిగే పిల్ల ఒకతి ఈ మధ్య ఈ సినిమా ఫోన్లో చూసిందట. అక్కా, ఆ ఫోను దగ్గర నిలబడేది నువ్వేనా, నిజం చెప్పు, నేను గుర్తుపట్టలేకపోయాను, కాని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు తెలుసా అంది. గుర్తుపట్టలేకపోవడానికి వయసు కారణం అనుకుంది తమాయో. చేత్తో జుట్టు తోసుకోవడం చూశావా అని అడగాలనిపించి, నోట్లోనే మింగేసింది.

ఇదిగో, ఆ గది. నల్ల ఫోను, మొక్కజొన్న రంగు చాపలు. గది ఖాళీగా ఉంది, ఖాళీగానే ఉంటుంది కాసేపు, కుజె పద్ధతి. ఫోను మోగింది. గోడలోంచి భుజంలోకి, భుజంలోంచి దవడలోకి మోగింది. తమాయో రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి పెట్టి బిగించుకుంది. అమ్మాయి వచ్చింది. వచ్చింది గాని ముఖం లేదు. వీపు వచ్చింది. అలమార సందులోంచి చూస్తున్నట్టు రెండు పక్కలా చీకటి, మధ్యలో సన్నటి నిలువు ముక్కలో ఆ అమ్మాయి వీపు, పైకి దువ్వి కట్టిన జుట్టు కింద మెడ. కెమెరా వెనకుంది. కిటికీ దగ్గర లేదు, కాగితం చిరుగులో లేదు, ఎప్పుడూ అక్కడ లేదు, వెనక, పరుపులు పెట్టే అలమారలో ఉంది. అమ్మాయి గొట్టం ఎత్తింది. ఆ చప్పుడు వచ్చింది. హాల్లో ఎవరో ఊపిరి లోపలికి లాగారు. అమ్మాయి తల కిటికీ వైపు కొద్దిగా తిరిగింది, మోచెయ్యి లేచింది, చెయ్యి దేన్నో సర్దింది, ఏం సర్దిందో కనపడదు, ముఖం కిటికీకి ఇచ్చింది, కిటికీ అవతల మంచు తప్ప ఎవరూ లేరు. తమాయోకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్ళు. ఎవరూ చూడని ముఖం కోసం ముప్పై నాలుగేళ్ళు.

అప్పుడు వినిపించింది. అసలు అది ఎప్పటినుంచో వినిపిస్తూనే ఉంది, ఈగ గొణిగినట్టు. నెజు అని ఆ షూటింగులో సౌండు చూసిన మనిషి ఫోను గొట్టంలోనే మైకు దాచాడని తరవాతెప్పుడో విన్నది. సినిమాలో అది చచ్చిన మొగుడి గొంతని జనం అనుకుంటారట, ఏమంటున్నాడో ముప్పై ఏళ్ళుగా తలా ఒకటి చెప్తారట. ఈ గోడ పక్కన, ఈ స్పీకరు కింద, సాదో యాసలో పుట్టి పెరిగిన చెవికి అది గొణుగుడు కాదు. ఎక్కడ చచ్చావే తమా, పొద్దుట్నుంచి కబురు పెట్టాను, అమ్మ పోయింది, మధ్యాహ్నం పడవకి రాలేకపోయావా. ఇదంతా తెలుసు, ఇది అప్పుడు విన్నదే. రేపు సముద్రం మూసేస్తారట. ఇదీ విన్నదే, ఇక్కడే అన్నయ్య పెట్టేశాడు అనుకుంది. పెట్టెయ్యలేదు. తెర మీద మోచెయ్యి లేచింది, చెయ్యి జుట్టు సర్దుతోంది, ఆ సర్దుతున్న సేపూ ఈగ గొణుగుతూనే ఉంది, గొంతు మారింది, కోపం పోయింది, బతిమాలుతోంది. రెండు రోజులైనా పర్లేదే. అమ్మ పెట్టె మూయం, నీ కోసం ఆగుతాం. వస్తానని ఒక్క మాట అను. తమా. వింటున్నావా. ఒక్క మాట అనవే. తరవాత చాలాసేపు ఏమీ లేదు, అన్నయ్య ఊపిరి, అటు పక్క సాదోలో ఎవరో చిన్నపిల్ల దగ్గు. అమ్మాయి వీపు కదలలేదు. ముఖం నిండుగా వెలుతురులో పెట్టుకుని నిలబడి ఉంది. టక్కున ఫోను పెట్టేసిన చప్పుడు. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది రీలు.

ఆ ఎనిమిది నిమిషాలు తమాయో ఎలా కూర్చుందో ఆమెకు తెలియదు. గోడ భుజాన్ని వదల్లేదు, భుజం గోడను వదల్లేదు. పక్కావిడ ఒకసారి తిరిగి చూసి, కోటు జేబులోంచి చక్కెర బిళ్ళ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. మిగతా సినిమా ముందుకు పోయింది, విధవ పిల్ల అలమారలోకి వెళ్ళి తలుపు వేసుకుంది, ఇంట్లో ఉండాల్సింది ఇంట్లో ఉండిపోయింది, దీపాలు వెలిగాయి. ఎవరో తమాయో మోచెయ్యి పట్టుకుని లేపారు. చక్రాల కుర్చీ అప్పటికే వేదిక పక్కకు చేర్చారు. కుర్చీ వేశారు, మైకు ఇచ్చారు. కిజిమా గారు సినిమా గురించి, ఆ కాలం గురించి, ఇప్పుడు అలాంటి పద్ధతులు ఎందుకు చెల్లవో దాని గురించి మర్యాదగా మాట్లాడింది. వెనక వరసలోంచి కళ్ళద్దాల మనిషి ఒకాయన లేచి, అంత పెద్ద దృశ్యంలో ముఖం ఎందుకు చూపించలేదని అడిగాడు. కుజె ఆలోచించలేదు. "ముఖం చూపిస్తే జాలిపడతారు. వీపు చూపిస్తే భయపడతారు" అన్నాడు, అన్నం ఎలా వండాలో చెప్పినంత మామూలుగా. ఆ మనిషే మళ్ళీ అడిగాడు, ఫోన్లో ఆ గొణుగుడు ఏమిటని. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నాకూ తెలీదు. ఆ యాస నాకు రాదు. చప్పుడు బాగుందని ఉంచాను."

"నాకు తెలుసు" అంది తమాయో.

మైకు నోటికి దగ్గరగా లేదు, అయినా వినపడింది. కిజిమా గారు ఆమె వైపు వంగింది, అదే తడిగుడ్డ చూపుతో, చెప్పండి అన్నట్టు. తమాయో చెప్పింది. ఆ గొంతు తన అన్నయ్యదని చెప్పింది. పొద్దున ఏడింటికే అమ్మ పోయిన కబురు వస్తే ఈయన ఎత్తి, మూడింటిదాకా దాచి, పడవ పోనిచ్చి, కెమెరా ముందు వినిపించాడని చెప్పింది. హాల్లో జనం ముసలాయన వైపు చూశారు, ఆయన కాదనలేదు, కళ్ళు దించుకోలేదు కూడా. కిజిమా గారు గట్టిగా ఊపిరి వదిలి ఏదో అనబోయింది. అయిపోలేదు అంది తమాయో. రెండు రోజులు పెట్టె మూయకుండా ఆగుతాం, వస్తానని ఒక్క మాట చెప్పు అని అన్నయ్య అడుగుతున్నాడని, అది తను ఇవాళే విన్నానని చెప్పింది.

"ఆ రోజు ఫోను నా చెవి దగ్గరే ఉంది. వినలేదు. కెమెరా కిటికీలో ఉందనుకుని ముఖం వెలుతురులోకి తిప్పుకుంటున్నాను. జుట్టు సర్దుకుంటున్నాను."

కిజిమా గారు మెల్లగా, ఆ పరిస్థితిలో మీరేం చేసినా మీ తప్పు కాదు, అదంతా ఆయన తెచ్చిపెట్టినదే అంది. తమాయోకు ఆ అమ్మాయి మీద ప్రేమ కలిగింది, కూతురుంటే ఇంత ఉండేదేమో. ఆయన తెచ్చిపెట్టింది ఆయనదే, అందులో ఒక్క గింజ కూడా నేను మోయను, కాని ఇది నాది, దీన్ని కూడా ఆయనకిచ్చేస్తే ఇక నా దగ్గర ఏం ఉంటుంది అందామనుకుంది. ఇంత పొడుగు మాట ఆమెకు రాలేదు. కుజె ఆమెనే చూస్తున్నాడు. ఇవాళ కలుసుకున్నాక ఆయన ఆమె ముఖంలోకి చూడటం ఇదే మొదలు, చాలాసేపు చూశాడు, ఎక్కడో చూసిన మనిషిలా ఉందే అన్నట్టు. "ముఖం తిప్పావా" అన్నాడు. "తిప్పాను." "నేను చూళ్ళేదు" అన్నాడు ఆయన. ఆయన గొంతులో ఉన్నది పశ్చాత్తాపమో, ఒక మంచి దృశ్యం చెయ్యిజారిపోయిందన్న బాధో ఆమె తేల్చుకోలేదు, తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

కిజిమా గారు ఆయన్ని క్షమిస్తారా అని అడుగుతోంది. జనం ఎదురుచూస్తున్నారు. తమాయో మైకు బల్ల మీద పెట్టి, అది దొర్లిపోకుండా చేత్తో ఆపి, కోటు తొడుక్కుంది.

"ఆయన సంగతి ఆయనకే వదిలెయ్యండి. నేను మాట చెప్పాల్సింది మా అన్నయ్యకి. నాలుగింటికి సాదో పడవుంది."